లైటు వేస్తే అక్వేరియం నీళ్లు ఎంత వేడెక్కుతాయి? మన ఎండల్లో మొక్కల ట్యాంకును చూసుకోవడం ఎలా

ఏటా ఉగాది దాటిందంటే ఒకటే ప్రశ్న. "అన్నా, లైటు వేస్తే నీళ్లు కాగిపోతుండాయి, తీసేస్తే మొక్కలు కుళ్లిపోతుండాయి, ఏం చేసేది?" కావలి నుంచి అడుగుతారు, ఒంగోలు నుంచి అడుగుతారు, నెల్లూరులో మా వీధిలోనే ఇద్దరు అడిగారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకన్నా వరుసగా రాసిపెడితే ఎవరింట్లో వాళ్లు చూసి చేసుకుంటారని ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. మన దగ్గర చాలా ఇళ్లలో నీళ్లు కాగడానికి అసలు కారణం లైటు కాదు, గది. మే నెలలో బయట 40 దాటడం మనకు మామూలే. మేడ మీద గది అయితే స్లాబు రాత్రి పదింటికి కూడా సెగ వదులుతూనే ఉంటుంది. లైటు ఆ వేడికి ఇంకొంచెం కలుపుతుంది, అంతే. ఆ ఇంకొంచెం ఎంతో కొలవకుండా కొందరు లైటు ఆపేసి మొక్కల్ని పోగొట్టుకుంటున్నారు, ఇంకొందరు వేలకు వేలు పెట్టి చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) కొంటున్నారు. ముందు కొలవండి. కొలవడానికి మూడు రోజులు చాలు.

కావలసినవి

- థర్మామీటర్లు రెండు. నీళ్లకు ఒకటి, గదికి ఒకటి. వైరు చివర ప్రోబ్ ఉండే డిజిటల్ రకమైనా సరే, గాజు గొట్టంది అయినా సరే. గాజుకు బయట అంటించే స్టిక్కర్ రకం మాత్రం వద్దు. అది సగం నీళ్ల వేడి, సగం గది వేడి కలిపి చూపిస్తుంది.
- ఒక నోటుబుక్కు, పెన్ను.
- లైటుకు టైమర్. గోడ ప్లగ్గులో పెట్టుకునే మామూలు రకం చాలు.
- కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల చిన్న ఫ్యాను, దానికి సరిపడే అడాప్టర్. ఇది అందరికీ అక్కర్లేదు. పరీక్ష అయ్యాక అవసరమైతేనే కొనండి.
- ఎయిర్ పంపు, దాని గాలిని సన్నటి బుడగలుగా వదిలే ఎయిర్ స్టోన్. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద నడిచే రకమైతే ఇంకా మేలు.
- ట్యాంకు పైన పరచడానికి సన్నటి నెట్టు. కిటికీలకు కొట్టే దోమల నెట్టు ముక్క సరిపోతుంది.

1. థర్మామీటరు నిజం చెబుతోందా?

ఇది మానేసి ముందుకు పోకండి. ఒక గ్లాసు నిండా ఐసు ముక్కలు చితక్కొట్టి వేసి, ఆ సందులు నిండేంత నీళ్లు పోసి, బాగా కలిపి ఐదు నిమిషాలు ఆగండి. రెండు థర్మామీటర్ల కొసలూ గాజుకు తగలకుండా అందులో ముంచండి. రెండూ సున్నా దగ్గర చూపించాలి. ఒకటి 1.5 చూపిస్తే దాన్ని పారేయక్కర్లేదు, దాని మీద చిన్న కాగితం అంటించి "1.5 ఎక్కువ" అని రాసుకుని ఆ మేరకు తీసేసి లెక్కేసుకోండి. చవక డిజిటల్ థర్మామీటర్లలో ఒక డిగ్రీ తేడా రావడం సాధారణం. మనం వెతుకుతున్న తేడా కూడా ఒకటి రెండు డిగ్రీలే కాబట్టి ఈ పని తప్పదు.

నీళ్లలో పెట్టేటప్పుడు ప్రోబ్ సరిగ్గా లైటు కింద ఉండకూడదు. నల్లటి ప్రోబ్ మీద లైటు నేరుగా పడితే నీళ్లకన్నా అదే ముందు వేడెక్కుతుంది. ట్యాంకు మూలన, సగం లోతులో, ఏదైనా ఆకు నీడన పెట్టండి.

2. మీ లైటు ఎంత వేడి ఇవ్వగలదో లెక్క కట్టండి

ఒక వాటు కరెంటు ఒక గంట పాటు పూర్తిగా వేడిగా మారి లీటరు నీళ్లలోకి వెళ్తే, ఆ నీళ్లు 0.86 డిగ్రీలు పెరుగుతాయి. కాబట్టి లెక్క ఇది:

వాట్లు × గంటలు × 0.86 ÷ లీటర్లు

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న ట్యాంకు తీసుకుందాం. అంచుదాకా నింపితే సుమారు 54 లీటర్లు. మట్టి, రాళ్లు పోను, పైన రెండంగుళాలు ఖాళీ వదిలితే 42 లీటర్లు ఉంటాయనుకోండి. దాని మీద 18 వాట్ల ఎల్‌ఈడీ 8 గంటలు వెలిగితే 18 × 8 × 0.86 ÷ 42, అంటే దాదాపు 3 డిగ్రీలు.

ఈ 3 చూసి కంగారు పడకండి. లైటులోని వేడి మొత్తం నీళ్లలోకే దిగి, బయటికి చుక్క కూడా పోకపోతే వచ్చే అంకె అది. నిజంగా అలా జరగదు. ఎల్‌ఈడీ వేడి ఎక్కువ భాగం దాని వీపు మీది అల్యూమినియం రేకు నుంచి గాల్లోకి పోతుంది. నీళ్లు కూడా గాజులోంచి, పైనుంచి వేడిని వదులుతూనే ఉంటాయి. పైన గాలి ఆడుతుంటే ఒక డిగ్రీ లోపే పెరగడం మీరే చూస్తారు. ఈ లెక్క వల్ల లాభం ఏమిటంటే, మీ ట్యాంకులో లైటు ఎంతవరకు దోషి కాగలదో గరిష్ఠ హద్దు తెలుస్తుంది.

పాత ట్యూబ్‌లైట్లు వాడేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. రెండడుగుల ట్యూబు మీద 18 లేక 20 వాట్లు అని ఉంటుంది కానీ, పాతరకం ఇనుప చోక్ మింగేది కలిపితే 25 నుంచి 30 దాకా పోతుంది. చోక్ మూత లోపలే బిగించి ఉంటే ఆ వేడంతా నీళ్ల నెత్తినే. ఇక పసుపు రంగు ఫిలమెంటు బల్బు అయితే, తాగే కరెంటులో పదో వంతు కూడా వెలుగు కాదు, మిగిలినదంతా వేడే. అక్వేరియం మీద అది ఉంటే ఈ వ్యాసం చదవడం ఆపి ముందు అది తీసేయండి.

ఇప్పుడు ఇదే లెక్క మీ ఫిల్టరుకు వేయండి. ఎవరూ చూడని చోటు ఇదే. నీళ్లలో మునిగి ఉండే పంపు 15 వాట్లదైతే, అది రోజుకు 24 గంటలూ తిరుగుతుంది. 15 × 24 అంటే 360. పైన చెప్పిన ఎల్‌ఈడీ 18 × 8 అంటే 144. నీళ్లలో మునిగిన మోటారు వేడి పోవడానికి నీళ్లు తప్ప వేరే దారి లేదు. అంటే మనం తిట్టుకునే లైటు కన్నా, మూలన చప్పుడు లేకుండా తిరిగే పంపు రెండింతలకు పైగా వేడి పోస్తోంది. చిన్న ట్యాంకులో పెద్ద పవర్‌హెడ్ (నీళ్లలో మునిగి ఉండే పంపు) పెట్టుకున్నవాళ్లు దాన్ని మార్చి 5 వాట్లదో, బయట తగిలించే రకమో పెట్టుకుంటే సగం టెన్షన్ తీరిపోతుంది. ఫిల్టరును మాత్రం ఆపి ఆపి నడపకండి. అందులోని మేలు చేసే బ్యాక్టీరియా గాలి అందక చచ్చిపోతుంది.

3. మూడు రోజుల పరీక్ష

ఎండ ఒకేలా ఉన్న మూడు వరుస రోజులు చూసుకోండి. ఒకరోజు మబ్బు పట్టి, ఒకరోజు వడగాలి కొడితే లెక్క తప్పుతుంది.

మొదటి రోజు ఎప్పట్లాగే లైటు వేయండి. రెండో రోజు లైటు అసలు వేయకండి. ఒక్కరోజు వెలుగు లేకపోతే ఏ మొక్కా చావదు, భయపడొద్దు. మూడో రోజు లైటు వేయండి కానీ మూత తీసేసి, లైటును నీళ్లకు ఆరంగుళాలైనా పైకి లేపండి. పుస్తకాలో, ఇటుకలో పెట్టి లేపినా సరే, జారి నీళ్లలో పడకుండా తాడుతో కట్టండి.

ప్రతిరోజూ నాలుగుసార్లు రాసుకోండి: పొద్దున 6, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. ప్రతిసారీ రెండు అంకెలు, నీళ్లవి ఒకటి, గదివి ఒకటి. లైటు వెలిగే రోజుల్లో సాయంత్రం ఇంకో పని చేయండి. ప్రోబును నీటి పైపొరలో అంగుళం లోతులో ఒకసారి, అడుగున మట్టికి పైన ఒకసారి పెట్టి చూడండి.

రోజుల్ని పోల్చేటప్పుడు ఒకే గంటను ఒకే గంటతోనే పోల్చండి. నీళ్లు గదికన్నా ఆలస్యంగా వేడెక్కుతాయి, ఆలస్యంగా చల్లారుతాయి. మధ్యాహ్నం గదికన్నా నీళ్లు చల్లగా ఉంటాయి, తెల్లవారుజామున గదికన్నా వేడిగా ఉంటాయి. మధ్యాహ్నం అంకెను రాత్రి అంకెతో పోలిస్తే ఏమీ తేలదు.

4. అంకెలు ఏం చెబుతున్నాయి

మొదటి రోజు సాయంత్రం అంకెలోంచి రెండో రోజు సాయంత్రం అంకె తీసేయండి. రెండు రోజుల గది వేడిలో అర డిగ్రీకి మించి తేడా ఉంటే ఆ జతను వదిలేసి ఇంకోరోజు మళ్లీ చూడండి.

- తేడా ఒక డిగ్రీ లోపు ఉంటే లైటును మార్చక్కర్లేదు, ఎత్తక్కర్లేదు. మీ సమస్య గది. నేరుగా 6వ అంచెకు వెళ్లండి.
- ఒకటి నుంచి రెండు ఉంటే లైటు ఎత్తడం, వేళ మార్చడం రెండూ చేయండి.
- రెండు దాటితే లైటో, మూతో, చోకో కచ్చితంగా మార్చాలి.
- మూత తీసిన మూడో రోజు నీళ్ల వేడి బాగా తగ్గి ఉంటే మీరు కొత్త లైటు కొనక్కర్లేదు. మూతదే తప్పు.
- పైపొరకు, అడుగుకు మధ్య ఒక డిగ్రీ కన్నా ఎక్కువ ఉంటే నీళ్లు తిరగడం లేదు. ఫిల్టరు నీటి దారను పైపొర మీద పడేలా తిప్పండి.

ఈ చివరిది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. మొదట్లో నా ట్యాంకుకు చెక్క మూత, అందులో రెండు ట్యూబులు, వాటి చోకులు ఉండేవి. ఒక మే నెల సాయంత్రం మూత ఎత్తితే ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు కొట్టినట్టు ఆవిరి ముఖానికి కొట్టింది. చెక్క లోపలివైపు వరసగా నీటి బొట్లు. చోకు పెట్టె మీద వేలు రెండు క్షణాలు ఉంచలేకపోయాను. పైనీళ్లు 33, అడుగున 30. థర్మామీటరు అడుగున ఉండబట్టి నేను రోజూ 30 చూసి పర్లేదనుకుంటున్నాను. గప్పీ చేపలు మాత్రం నెలరోజులుగా పైపొరలో 33 డిగ్రీల నీళ్లలో తిరుగుతున్నాయి. ట్యూబుల్లోంచి వచ్చే కంటికి కనబడని వేడి కిరణాల్లో చాలా భాగం నీళ్ల పైపొరలోనే ఆగిపోతుంది. నీళ్లు కలవకపోతే ఆ వేడి అక్కడే పేరుకుంటుంది.

5. లైటు వేడిని నీళ్లకు దూరం చేయండి

అన్నిటికన్నా తక్కువ ఖర్చు పని మూత తీసేయడం. లైటును స్టాండు మీదో, పైకప్పు కొక్కేనికి వేలాడదీసో 6 నుంచి 10 అంగుళాల పైన పెట్టండి. ఎత్తే కొద్దీ మొక్కలకు చేరే వెలుగు తగ్గుతుంది. కింద పరుచుకునే మొక్కలు ఉంటే పది రోజులు గమనించండి. పైకి సాగుతూ, ఆకుల మధ్య దూరం పెరుగుతూ ఉంటే రెండంగుళాలు దించండి.

మూత తీస్తే మోలీలు, బెట్టాలు లాంటి చేపలు గెంతుతాయి. రాత్రిపూట బల్లులు పడతాయి. అందుకే నెట్టు కావాలన్నాను. చుట్టూ సన్నటి చెక్క ఫ్రేముకో, పీవీసీ పైపు ముక్కలకో బిగించి పైన పెట్టండి. గాలి ఆడుతుంది, చేప బయటికి రాదు.

మూత తీయడానికి కుదరదు, ఇంట్లో చిన్నపిల్లలున్నారు అంటారా, మూత వెనకవైపు వరసగా వేలు పట్టేంత రంధ్రాలు కొట్టించండి. చోకులు, అడాప్టర్లు మాత్రం ఏ పరిస్థితిలోనూ మూత లోపల ఉండకూడదు. వైరు పొడిగించి గోడ పక్కన పెట్టండి.

జాగ్రత్త: ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు ప్రతిసారీ అన్ని ప్లగ్గులూ తీయండి. ట్యాంకు నుంచి ప్లగ్గుకు వెళ్లే ప్రతి వైరూ ముందు కిందికి వేలాడి తర్వాత ప్లగ్గు దగ్గరికి ఎక్కేలా పెట్టండి. వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపులోంచి నేలమీద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. ఇంటి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి. అక్వేరియం ఉన్నా లేకున్నా ఇంటికి అది ఉండాలి.

6. లైటు వేళ మార్చండి

దీనికి రూపాయి ఖర్చు లేదు, ఫలితం ఎక్కువ. చాలామంది పొద్దున పదింటికి వేసి సాయంత్రం ఆరింటికి తీస్తారు. గది సెగలు కక్కే వేళ, లైటు వేడి, పంపు వేడి మూడూ ఒకేసారి నీళ్ల మీద పడతాయి.

టైమరును ఇలా పెట్టండి: పొద్దున 5:30 నుంచి 9:30, సాయంత్రం 6:30 నుంచి 9:30. మొత్తం 7 గంటలు. మధ్యలో విరామం ఇచ్చినా మొక్కలకు నష్టం లేదు, రోజూ అదే వేళకు వెలగడం ముఖ్యం. ఇవాళ ఒక వేళ, రేపు ఒక వేళ అయితే నాచు పెరుగుతుంది. మేడ మీద గది వాళ్లకు సాయంత్రం ఏడింటికి కూడా స్లాబు చల్లారదు. వాళ్లు ఒకే విడతగా తెల్లవారుజామున 4:30 నుంచి పొద్దున 10:30 దాకా పెట్టుకోవడం మేలు. తెల్లవారుజామునే గదులు అన్నిటికన్నా చల్లగా ఉంటాయి.

మొక్కల కోసం నీళ్లలోకి బుడగలుగా వదిలే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వాడేవాళ్లు లైటుతోపాటు దాని టైమరు కూడా మార్చాలి, లైటుకు గంట ముందు మొదలై గంట ముందు ఆగాలి. ఎండాకాలంలో బుడగల వేగం తగ్గించండి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, దాని మీద ఈ గ్యాసు ఎక్కువైతే చేపలు తట్టుకోలేవు.

పడమటి కిటికీ ఎదురుగా ట్యాంకు ఉంటే పరదా వేయకుండా పైవన్నీ చేసినా లాభం లేదు. మూడింటి ఎండ గంటసేపు నేరుగా పడితే ఏ లైటూ చేయనంత పని చేస్తుంది.

7. ఫ్యాను

ఇవన్నీ చేశాక కూడా సాయంత్రం నీళ్లు 30 దాటుతుంటే అప్పుడు ఫ్యాను. నీటి పైపొర మీదుగా ఏటవాలుగా గాలి వీచేలా అంచుకు బిగించండి. లీటరు నీళ్లు ఆవిరి కావాలంటే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. అందులో చాలా భాగం ట్యాంకు నీళ్ల నుంచే పోతుంది. కుండలో నీళ్లు చల్లబడేది కూడా ఇలాగే.

ఎంత తగ్గుతుందన్నది మీ ఊరి గాలిని బట్టి ఉంటుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉక్కపోత ఎక్కువ, గాల్లో అప్పటికే తేమ నిండి ఉంటుంది. అక్కడ ఫ్యాను వల్ల రెండు డిగ్రీలు తగ్గితే గొప్ప. మార్కాపురం, కనిగిరి, ఉదయగిరి వైపు పొడి వేడి, అక్కడ అదే ఫ్యాను మూడు నాలుగు డిగ్రీలు లాగేస్తుంది. అందుకని ఒంగోలులో ఉన్నాయన కనిగిరి స్నేహితుడి ట్యాంకు చూసి అంతే రావాలని నిరాశ పడక్కర్లేదు.

పెద్ద టేబుల్ ఫ్యాను ట్యాంకు పక్కన పెట్టకండి. తూలి నీళ్లలో పడితే మనిషి ప్రాణం పోతుంది. 12 వోల్టుల ఫ్యానే వాడండి, దాని అడాప్టర్ నీళ్లకు దూరంగా ఉంచండి. సముద్రపు గాలికి ఈ చిన్న ఫ్యాన్లు ఒకటి రెండు ఎండాకాలాల్లోనే తుప్పు పట్టి అరుస్తాయి, ఒకటి అదనంగా కొని ఉంచుకోండి. తేలే మొక్కలు పైపొరంతా కప్పేసి ఉంటే ఫ్యాను గాలి నీళ్లకు తగలదు, సగమైనా తీసేయండి.

డబ్బు పెట్టగలిగితే ఒక టెంపరేచర్ కంట్రోలర్ కలపండి. 28.5కి ఫ్యాను తిరిగి, 27.5కి ఆగేలా పెట్టుకుంటే రాత్రి లేచి చూసే పని ఉండదు.

8. తగ్గిన నీళ్లు దేనితో నింపాలి

ఫ్యాను పెడితే రెండడుగుల ట్యాంకులో రోజుకు లీటరు దాకా తగ్గుతుంది. ఆవిరయ్యేది నీళ్లే, అందులోని ఉప్పులు ట్యాంకులోనే మిగులుతాయి. దాని మీద మన బోరు నీళ్లే పోస్తూ పోతే నెల తిరిగేసరికి నీళ్లు మరీ కఠినమైపోయి గాజు మీద తెల్లటి చార కడుతుంది. రోజూ తగ్గినంత నింపడానికి వీధి చివర ప్లాంటులో దొరికే 20 లీటర్ల క్యాను నీళ్లు వాడండి. వారానికోసారి నీళ్లు మార్చేటప్పుడు మాత్రం మామూలు నీళ్లే పోయండి, ఎందుకంటే మొక్కలకూ చేపలకూ కొన్ని లవణాలు కావాలి. మున్సిపాలిటీ కుళాయి నీళ్లయితే యాంటీ క్లోరిన్ వేయండి, లేదా బకెట్లో ఎయిర్ స్టోన్ వేసి ఒక రోజు ఉంచండి.

మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్లు నేరుగా పట్టి అక్వేరియంలో పోయకండి. ఎండాకాలం రెండింటికి ఆ కుళాయి కింద మన చెయ్యే పెట్టలేం. నీళ్ల మార్పు తెల్లవారుజామునే చేయండి, పోసే ముందు బకెట్ నీళ్లలో థర్మామీటరు పెట్టి చూడండి. తేడా రెండు డిగ్రీలు మించకూడదు.

9. రాత్రి గాలి

వేడి వల్ల చేప చచ్చేది చాలాసార్లు నేరుగా వేడి వల్ల కాదు, ఊపిరాడక. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగగలదు. 32 దగ్గర అది 7.3కి పడిపోతుంది. అదే సమయంలో చేపకు, మొక్కకు, బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. లైటు ఆరిపోగానే మొక్కలు ఆక్సిజన్ ఇవ్వడం ఆపి, మనలాగే తీసుకోవడం మొదలుపెడతాయి. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువుల దగ్గర తెల్లవార్లూ ఏరేటర్లు ఎందుకు తిప్పుతారో మీకు తెలుసు కదా. మీ ట్యాంకు కూడా ఒక చిన్న చెరువే. లైటు ఆగినప్పటి నుంచి మళ్లీ వెలిగేదాకా ఎయిర్ పంపు నడపండి. కరెంటు పోతే ఇన్వర్టరు మీద ముందు ఎయిర్ పంపు ఉండాలి, లైటు కాదు.

చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే

వెంటనే లైటు తీయండి, కార్బన్ డయాక్సైడ్ ఆపండి, ఎయిర్ స్టోన్ వేయండి, మేత పెట్టకండి. తర్వాతే చల్లబరచడం. అర లీటరు నీళ్ల సీసాను గడ్డకట్టించి, మూత బిగించి అలాగే ట్యాంకులో తేలేయండి. 50 లీటర్ల నీళ్లలో అది పూర్తిగా కరిగితే దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. గంటకు ఒక సీసాకు మించి వద్దు.

ఈ గంటకు ఒక డిగ్రీ లెక్క తెలియక నేను ఒకసారి ఫ్రిజ్ నీళ్లు చెంబుతో పోశాను. పది నిమిషాల్లో 33 నుంచి 28కి దింపాను, మంచి పని చేశాననుకున్నాను. సాయంత్రానికి ఆరు నియాన్ టెట్రాలు పక్కకు ఒరిగిపోయాయి. 33లో రెండు రోజులు ఓర్చుకున్న చేపలు అవి. ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే బాధేస్తుంది. దయచేసి మీరు ఆ పని చేయకండి.

ఎక్కువమంది చేసే తప్పులు

నీళ్లు చల్లగా ఉండాలని లైటును రోజుకు రెండు మూడు గంటలకు తగ్గించేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. వారం పది రోజుల్లో ఆకులు కుళ్లడం మొదలవుతుంది, కుళ్లే ఆకు మిగిలిన ఆక్సిజన్ కూడా తినేస్తుంది. 6 గంటల కన్నా తగ్గించకండి. వెలుగు ఎక్కువనిపిస్తే గంటలు కాదు, డిమ్మర్‌తో తీవ్రత తగ్గించండి.

ఆకులు పసుపెక్కగానే ఎరువు పోయడం ఇంకొకటి. 30 పైన చాలా మొక్కలకు పెరగడం కష్టం. అప్పుడు వేసిన ఎరువు నాచుకు పోతుంది. ముందు వేడి దించి, రెండు వారాలు ఆగి, అప్పటికీ పసుపుగానే ఉంటే ఎరువు సంగతి చూడండి.

మధ్యాహ్నం నాలుగు గంటలు ఏసీ వేసి ఆపేసే గదిలో ట్యాంకు పెట్టడం మంచిది అనుకుంటారు. రోజూ నాలుగైదు డిగ్రీలు దిగి ఎక్కే కన్నా, నిలకడగా 29 ఉండటమే చేపలకు నయం.

చివరిది, ఎండకు తట్టుకోలేని వాటిని కొనడం. గోల్డ్‌ఫిష్‌కు చల్లటి నీళ్లు కావాలి, నియాన్ టెట్రాలు, చెర్రీ రొయ్యలు 28 దాటితే ఇబ్బంది పడతాయి. ఏసీ లేని ఇంట్లో గప్పీ, మోలీ, గౌరామీలతో మొదలుపెట్టండి. మొక్కల్లో వాలిస్నేరియా, హైడ్రిల్లా, హార్న్‌వర్ట్, అనూబియాస్ మన ఎండలకు నిలబడతాయి. క్రిప్టోకోరైన్ అనే మొక్కకు నీళ్లు కాస్త మారినా ఆకులన్నీ కరిగిపోయినట్టు అవుతుంది, పీకేయకండి, వేరు బతికుంటే మళ్లీ చిగురిస్తుంది.

పని జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది

మార్పులన్నీ చేశాక వారం ఆగి, మళ్లీ ఒకరోజు ఆ నాలుగు వేళల్లో రాసుకోండి. పొద్దున 6 అంకెకు, సాయంత్రం 6 అంకెకు తేడా రెండు డిగ్రీల లోపు ఉంటే బాగా చేశారు. మే నెలలో నీళ్లు 29 దగ్గర నిలబడితే అది మంచి ఫలితమే, 25 కోసం పాకులాడకండి.

అంకెలతోపాటు కళ్లతో కూడా చూడండి. లైటు వేయడానికి ముందు, తెల్లవారుజామున, చీకట్లోనే చిన్న టార్చి వేసి చేపల్ని చూడండి. ట్యాంకులో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ ఉండే వేళ అది. అప్పుడు చేపలు మధ్యలో, అడుగున నెమ్మదిగా ఉన్నాయంటే నిశ్చింత. పైపొర దగ్గర గుంపు కట్టి ఉంటే ఇంకా గాలి కావాలి. లైటు వెలిగిన మూడో గంటకు ఆకుల అంచుల మీద ముత్యాల్లా సన్నటి బుడగలు కనబడితే మొక్కలు కోలుకున్నట్టే. పాత ఆకుల్ని పట్టించుకోకండి, కొత్తగా వచ్చే చిగురు ఎలా ఉందో చూడండి.

అక్టోబరులో వాయుగుండాల వానలు మొదలయ్యాక ఫ్యాను తీసి తుడిచి దాచేయండి, లైటును మీకు వీలైన వేళకు మార్చుకోండి. పాత ట్యూబుల నుంచి ఎల్‌ఈడీకి మారినవాళ్లు డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఒకసారి థర్మామీటరు చూడాలి. ఇన్నాళ్లూ ఆ ట్యూబుల వేడే నీళ్లను కాచి ఉంటుంది. 22 కిందికి పోతుంటే థర్మోస్టాట్ ఉన్న చిన్న హీటరు పెట్టండి. వేడి కోసమని రాత్రిపూట లైటు మాత్రం వెలిగించి ఉంచకండి.